మీ తాళంచెవులు నా దగ్గరున్నాయి

తిరుపతిలో మన సందులో పుట్టి పెరిగి, ఇప్పుడు బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లోనూ సముద్రాల అవతలా ఉంటున్న అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సందు చివరి ఇంటి మనిషి రాస్తున్న ఉత్తరం.

మా వంటింటి తలుపు పక్కన మేకుకు ఎనిమిది తాళంచెవులు వేలాడుతున్నాయి. ఏడు మీవి. ఎనిమిదోది ఎవరిదో గుర్తు లేదు, దాని సంగతి తర్వాత చెబుతాను. ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. "రెండు నెలల్లో వచ్చేస్తానక్కా, అంతవరకు ఉంచు" అన్నాడు నీలం తలుపుల ఇంటి తమ్ముడు. అది 2009. "కొళాయి కారుతుందేమో అప్పుడప్పుడు చూడండత్తా" అంది ట్రంకుపెట్టెల ఇంటి కోడలు. హార్మోనియం తాత మనవడైతే ఏమీ అనలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, వీధి మొదటిదాకా వెనక్కి తిరగకుండా నడిచి వెళ్లాడు. అతడి తాళమే అన్నిటికంటే గట్టిగా తుప్పు పట్టింది. ఏటా కొబ్బరినూనె పోస్తున్నాను.

ఈ మాట మన వాట్సాప్ గుంపులోనే చెప్పవచ్చు కదా అంటారు. చెప్పాను. మూడేళ్లుగా చెబుతున్నాను. చేతులు జోడించిన బొమ్మలు పదకొండు, మన గ్రామదేవత గంగమ్మ ఫోటోలు నాలుగు, "తప్పకుండా అక్కా" అన్న సందేశాలు రెండో మూడో వస్తాయి. మనుషులు రారు. అందుకే నలుగురూ చదివేచోట రాస్తున్నాను. నలుగురిలో పరువు పోతుందంటే తప్ప కదిలే రకం కాదు మనది. చిన్నప్పుడు ఎక్కాలు కూడా అలాగే నేర్చుకున్నాం.

అడుగుతున్నది ఒక్కటే. ఈ ఏడు గంగజాతరకు రండి. మీ తలుపు మీరే తీయండి.

చాటింపు రాత్రి గుర్తుందా? మే నెల ఉక్క. అందరం మిద్దెల మీద చాపలు పరుచుకుని పడుకునేవాళ్లం. మిద్దెకూ మిద్దెకూ మధ్య మోకాలెత్తు పిట్టగోడే కాబట్టి ఎవరి చాప ఎవరిదో తెల్లారేవరకు తేలేది కాదు. బేనీషా మామిడిపండ్లు బకెట్లో నీళ్లు పోసి నానబెట్టి, ఆ బకెట్టు కూడా పైకే తెచ్చుకునేవాళ్లం. అవిలాల గ్రామం నుంచి అమ్మవారికి పసుపు కుంకుమలు వచ్చేశాయట అని పెద్దవాళ్లు చెప్పుకుంటూ ఉండగా, ఎక్కడో దూరాన డప్పు మొదలయ్యేది. మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. చాటింపు పడింది. ఇక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు.

ఈ పొలిమేర నియమం మీద మా ఇంట్లో ఏటా ఒక వ్యాజ్యం నడిచేది. మా మామ రేణిగుంటలో ఉద్యోగం చేసేవాడు. రోజూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. మరి అది దాటడం కాదా అని మా అమ్మ అడిగేది. మా అవ్వ వక్క నములుతూ తీర్పు చెప్పేది: "తిరిగొచ్చి ఈ ఇంట్లో పడుకుంటే దాటినట్టు కాదు." పాపం మామ ఆ వారం రోజులూ చీకటి పడకముందే పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. బెంగళూరు వెళ్లినవాళ్ల లెక్క ఏమిటో, అమెరికా వెళ్లినవాళ్ల లెక్క ఏమిటో అవ్వ చెప్పలేదు. ఆమె కాలానికి అంత దూరం ఎవరూ వెళ్లలేదు. కానీ తీర్పులో మొదటి మాట మాత్రం మీకూ వర్తిస్తుందనే నేను అనుకుంటున్నాను. తిరిగొచ్చి, ఈ ఇంట్లో పడుకుంటే.

ఈ ఇంట్లో అనే మాట దగ్గర కొంచెం ఆగుతాను. నిరుడు మీలో ఒకరు కుటుంబంతో కొండకు వచ్చారు. మన సందు మొదట్లో లేచిన లాడ్జిలో మూడో అంతస్తులో గది తీసుకున్నారు. కిటికీలోంచి తమ ఇంటి మిద్దెను పిల్లలకు చూపించి, ఫోటో తీసుకుని, పొద్దున్నే దర్శనానికి వెళ్లిపోయారు. కింద వంద అడుగుల దూరంలో వాళ్ల తాళంచెవి నా మేకుకు ఉంది. నాకు ఈ సంగతి లాడ్జి కుర్రాడు చెప్పాడు. పేరు రాయను. చదువుతున్నప్పుడు వాళ్లకు తెలుస్తుంది, చాలు.

మన సందు ఎంతటిదని? గోవిందరాజస్వామి గుడికి తూర్పున, మాడవీధి నుంచి చీలిన సన్నని దారి. ఎదురెదురుగా రెండు సైకిళ్లు వస్తే ఒకరు కాలు అరుగు మీద ఆనించి ఆగాల్సిందే. ఇరువైపులా కలిపి పద్నాలుగు ఇళ్లు ఉండేవి. మన ఊరికి మునిసిపాలిటీ వచ్చింది 1886లో. ఇళ్లలో రెండు మూడు అంతకంటే పాతవని మా తాత గొప్పగా చెప్పేవాడు. రుజువు అడిగితే దూలం మీద ఉలితో చెక్కిన ఏవో అంకెలు చూపించేవాడు. అవి ఏళ్లో, వడ్రంగి వేసుకున్న కొలతలో ఇప్పటికీ తేలలేదు.

గోవిందరాజస్వామి గుడి గాలిగోపురాన్ని 17వ శతాబ్దంలో మట్లి అనంతరాజు కట్టించాడని బడిలో చదువుకున్నాం. ఆయన ఎందుకు కట్టించాడో కానీ, మనకు మాత్రం అది గడియారంగా ఉపయోగపడింది. సాయంత్రం గోపురం నీడ సందు మొదట్లోకి దిగితే గోలీలు జేబులో వేసుకుని ఇంటికి రావాలి. ట్రంకుపెట్టెల ఇంటి దాకా పాకితే కాళ్లు కడుక్కోవాలి. మా అరుగు ఎక్కితే దీపం పెట్టాలి. కాలాన్ని బట్టి నీడ కాస్త అటూ ఇటూ జరిగేది. ఆ తేడాను అడ్డం పెట్టుకుని ఇంకో ఆట ఆడేవాళ్లం. ఇప్పుడు నీడ రాదు. లాడ్జీల నీడ మధ్యాహ్నం రెండింటికే వచ్చి కూర్చుంటోంది. దానికి వేళాపాళా లేదు.

అరుగుల గురించి మీ పిల్లలకు చెప్పారా? యాత్రికులు మనకు ఊరికే రాలేదు, మన పెంపకంలో సగం వాళ్లదే. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు కొండకు వెళ్లాలంటే కాలినడక, లేదంటే డోలీ. దూరాల నుంచి ఎడ్లబండ్లలో వచ్చినవాళ్లు మెట్లెక్కి, దిగి, వాచిన కాళ్లతో మన వీధుల్లో కనిపించిన అరుగు మీదల్లా వాలిపోయేవారట. అందుకే మన అరుగులు ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత వెడల్పుగా కట్టారని అవ్వ అనేది. నిజమో కాదో, కొలిచి చూశాను. నేను సరిగ్గా పడతాను.

గుండు మీద చందనం పూసుకుని, చంకలో మూటతో వచ్చి "అమ్మా, కొంచెం నీళ్లు" అని ఎవరు ఏ భాషలో అడిగినా అవ్వ రాగి చెంబు అందుకునేది. మూట కట్టిన తీరు చూసి ఏ ఊరివాళ్లో చెప్పేది. తమిళం ఆమెకు ఇంటి భాషలాగే వచ్చు. కన్నడంలో బేరమాడగలిగేది. మరాఠీలో ఇరవై దాకా అంకెలు లెక్కపెట్టేది, ఆ తర్వాత తెలుగులోకి వచ్చేసేది. బడి ముఖం చూడని మనిషి. పునుగులు అమ్ముకునే ఆమె నుంచి టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు దాకా మన సందులో అందరికీ నాలుగు భాషల్లో దారి చెప్పడం వచ్చు. రైల్వే స్టేషను ఎటు, అలిపిరి ఎటు, బస్సులు ఎక్కడ ఆగుతాయి. నా మొదటి ఇంగ్లీషు వాక్యం కూడా ఒక యాత్రికుడితో మాట్లాడిందే: "గో స్ట్రైట్." ఆయన తిన్నగా వెళ్లి ఎవరింట్లోకి దూరాడో జట్కా వారి ఇంటివాళ్లను అడగండి.

నీళ్లకు మాత్రం డబ్బు తీసుకోకూడదు. ఇది మన సందులో రాయని చట్టం. అలాగని నీళ్లు మనకు పొంగిపొర్లేవని కాదు. కొళాయి ఎప్పుడో అర్ధరాత్రి గంటసేపు వచ్చేది. బిందెల వరుసలో నిద్ర కళ్లతో నిలబడి మనం ఎన్ని స్నేహాలు చేశాం, ఎన్ని తెంచుకున్నాం! కల్యాణి డ్యాము నీళ్లు ఊరికి వచ్చాక కొంత మేలన్నారు, అయినా ఎండాకాలం వస్తే మళ్లీ బావే దిక్కు.

ఆ బావి మా పెరట్లోది. దాని గురించి చెప్పాలంటే ముందు బండ వేషం గురించి చెప్పాలి.

జాతర వారంలో రోజుకొక వేషం కదా. బుధవారం బైరాగి: నామకొమ్ము నూరి ఒళ్లంతా తెల్లగా పూసుకోవడం. గురువారం బండ: నిలువెల్లా కుంకుమ. శుక్రవారం తోటి: బొగ్గుపొడి, తలకు వేపాకు. పూర్వం ఈ సీమలో ఒక పాళెగాడు కొత్తగా పెళ్లైన ఆడపిల్లలను చెరబట్టేవాడనీ, అవిలాలలో పుట్టి కైకాల వారింట పెరిగిన గంగమ్మ మీద చెయ్యి వేయబోయి, ఆమె విశ్వరూపం చూసి పారిపోయి దాక్కున్నాడనీ, వాణ్ని బయటికి రప్పించడానికే ఆమె ఇన్ని వేషాలు కట్టిందనీ కథ. శనివారం దొర వేషంలో వస్తే, ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికి వచ్చాడు, ఆమె తల నరికింది. ఆదివారం మాతంగి వేషంలో వెళ్లి, వాడి పెళ్లాన్ని ఓదార్చింది. అవ్వకు కథ మొత్తంలో ఈ చివరి భాగమే ఇష్టం. "చంపడం ఎవరైనా చేస్తారు, తర్వాత ఆ ఇంటికి వెళ్లి కూర్చోవడం ఉంది చూడు" అనేది.

బండ వేషం రోజున బూతులు తిట్టవచ్చు. తిట్టాలి కూడా, అది మొక్కు. ఏడాదంతా "ఛీ" అంటే నోట్లో మిరపకాయ కుక్కే తల్లులు ఆ ఒక్క రోజు నవ్వుతూ చూసేవాళ్లు. మీరందరూ మగపిల్లలు కుంకుమ పూసుకుని, లెక్కల మాస్టారి ఇంటి ముందు, అప్పు ఇవ్వని కొట్టు ముందు, క్రికెట్ బంతి తిరిగి ఇవ్వని ఇంటి ముందు మీ సంవత్సరపు బాకీ తీర్చుకునేవారు. జాబితా రాసుకుని మరీ వెళ్లిన వాడొకడున్నాడు. ఇప్పుడు వాడు న్యాయవాది. మాకు, ఆడపిల్లలకు, ఆ సౌకర్యం లేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. కడుపు మండిపోయింది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పెరట్లోకి వెళ్లి, బావి గట్టు మీద బోర్లా పడుకుని, తల లోపలికి పెట్టి, నాకు తెలిసిన ఒకే ఒక్క పెద్ద బూతు గట్టిగా అన్నాను.

బావి తిరిగి అంది. నాకంటే గట్టిగా అంది. పెద్దమనిషి గొంతుతో అంది.

భయపడి వెనక్కి తిరిగితే అవ్వ నిలబడి ఉంది. చెవి మెలిపెడుతుందనుకున్నాను. ఆమె గట్టు దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, తనూ వంగి ఒక మాట అంది. నేను అంతవరకు విననిది, ఆ తర్వాతా వినలేదు. ఎవరిని అందో, ఎన్నేళ్లుగా దాచుకుందో తెలియదు. బావి ఆ మాటను కూడా తిరిగి చెప్పింది. తర్వాత ఇద్దరం ఒక బొక్కెన నీళ్లు తోడుకుని ముఖాలు కడుక్కున్నాం. ఆ సంగతి ఆమె బతికినంతకాలం మళ్లీ ఎత్తలేదు.

ఆ బావి ఇప్పుడు లేదు. 1998లో మా పెరడు అమ్మేశాం. చెల్లెలి పెళ్లి, నాన్న గుండె ఆపరేషను ఒకే ఏడు వచ్చాయి. కొన్నవాళ్లు లాడ్జి కట్టారు, బావిని రాళ్లతో పూడ్చి దాని మీద జనరేటరు పెట్టారు. ఆ కాగితం మీద ఉన్న నాలుగు సంతకాల్లో ఒకటి నాది. కాబట్టి ఇళ్లు అమ్మకండి అని మీకు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పడం లేదు కూడా. అవసరాలు ఉంటాయి. అన్నదమ్ముల వాటాలు ఉంటాయి. మన మద్రాసు మిద్దె, అంటే దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన పాతకాలపు కప్పు, కారితే బాగు చేసే మేస్త్రీలు దొరకడం లేదని నాకు తెలుసు, సున్నం గానుగ ఎలా ఉంటుందో ఇప్పటి కూలీలకు తెలియదు. అమ్ముకోండి. నా గొడవ అమ్మకం గురించి కాదు. అమ్మరు, ఉండరు, అద్దెకు ఇవ్వరు, రారు. తాళం వేసి, ఆ తాళాన్ని నాకు అప్పగించి, ఇల్లు ఇంకా ఉందని అక్కడ ధైర్యంగా ఉంటారు. మీ ధైర్యం బరువెంతో నా మేకును అడగండి, రెండుసార్లు ఊడింది.

2021 నవంబరు వాన రాత్రి మీకు టీవీలో కనిపించి ఉంటుంది. కపిలతీర్థం దగ్గర కొండ మీది నీళ్లు ఎర్రగా విరుచుకుపడుతున్న దృశ్యం దేశమంతా చూసింది. ఊళ్లో పల్లపు పేటలన్నీ మునిగాయి. కొర్లగుంట, గొల్లవానిగుంట, పేర్లలోనే గుంట ఉంది. మనం మరిచిపోయినా నీళ్లు తమ పాత చిరునామా మరిచిపోలేదు. ఆ రాత్రి పదకొండింటికి నీలం తలుపుల తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, ఇంట్లోకి నీళ్లు వచ్చాయేమో ఒక్కసారి చూస్తావా?" కరెంటు లేదు. టార్చిలైటు, తాళంచెవుల గుత్తి పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో దిగాను. ఒక్క ఇంటికి అని బయలుదేరిన దాన్ని, ఏడు ఇళ్లూ తీసి చూశాను. ఒక్కదాంట్లోకీ చుక్క రాలేదు. మనవాళ్లు ఇళ్లను వీధికి మూడు మెట్లు ఎత్తున ఊరికే కట్టలేదు. లాడ్జి వాళ్ల నేలమాళిగలో కార్లు తేలుతున్నాయి.

ఆ రాత్రి మీ ఇళ్లను టార్చి వెలుగులో చూశాను కదా, చెబుతాను వినండి. ట్రంకుపెట్టెల ఇంట్లో నడిమి తొట్టికి, ఇంటి మధ్య కప్పులేని ఆ చోటుకు, పైన రేకు వేశారు, ఒక మూల ఎగిరిపోయింది, అక్కడి నుంచి వాన నేరుగా తులసికోట మీద పడుతోంది. తులసి లేదు, కోట ఉంది. జట్కా వారి ఇంట్లో గుర్రం గిట్టల నాడాలు పదహారు ఇంకా గోడకు ఉన్నాయి. హార్మోనియం తాత ఇంట్లో హార్మోనియం లేదు, దాని ముక్కాలి పీట ఉంది. వేపచెట్టు ఇంట్లో క్యాలెండరు 2013 జూన్ దగ్గర ఆగింది. నీలం తలుపుల ఇంట్లో తలుపు చట్టం మీద పెన్సిలు గీతలున్నాయి. ఏ పిల్లవాడు ఏ ఏడు ఎంత ఎత్తున్నాడో గీసిన గీతలు. అందులో నాదీ ఒకటి ఉంది, నా పేరు తప్పుగా రాసి. గీసింది నువ్వే తమ్ముడూ, నీకు అప్పటికి ఒత్తులు రావు. నీళ్లు రాలేదని ఫోను చేసి చెబితే "హమ్మయ్య" అని పెట్టేశావు. గీతల సంగతి చెప్పడానికి వీలు కాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపుకుండల వేషం. ఈ మూడు రోజులూ, కథలో గంగమ్మను పెంచిన ఆ కైకాల వంశం వారు వేషం కట్టి వీధుల్లోకి వస్తే ఇంటింటి ముందూ హారతి ఇవ్వాలి. చిన్నప్పుడు మన సందులో ఆ హడావిడి ఎలా ఉండేది! పద్నాలుగు గుమ్మాల ముందు పద్నాలుగు రకాల ముగ్గులు. పసుపునీళ్ల బిందె ఎవరిది పెద్దదని పోటీ. పోటీలో ఏటా గెలిచే బిందె అద్దెది అని అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు. మంగళవారం పొంగళ్లు, నెత్తిన గోపురంలాంటి సప్పరాలు, మొక్కున్న మగవాళ్లు చీరలు కట్టుకుని పూలు పెట్టుకుని రావడం. ఈమధ్య ఒక సినిమా పుణ్యమా అని ఆ చీర వేషం దేశమంతటికీ తెలిసింది. మీ పిల్లలు కూడా చూసే ఉంటారు. మన సందులో దాన్ని మొదట కట్టిన మొనగాడు మా అమ్మ కంచిపట్టు చీర అరువు తీసుకుని, గుడిదాకా నడవలేక సైకిలెక్కి, అంచు గొలుసులో ఇరికించి చింపి తెచ్చాడు. ఇప్పుడు డల్లాసులో ఉంటున్నాడు. అన్నా, ఆ చీర బాకీ ఇంకా ఉంది. అమ్మ పోయింది కాబట్టి నాకు చెల్లుతుంది. ముదురు ఆకుపచ్చ, మామిడిపిందెల అంచు.

బుధవారం తెల్లవారుజామున మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం. ఆ విశ్వరూపం చెంప తొలగించగానే ఆ మట్టి కోసం జనం తోసుకునే తోపులాటలో మన నాన్నలు చొక్కాలు చింపుకుని, పిడికిట్లో ఇంత మట్టితో యుద్ధం గెలిచినట్టు వచ్చేవారు. అవ్వ ఆ మట్టిని పసుపు డబ్బాలో దాచేది. జ్వరమొస్తే నుదుట, పరీక్షలొస్తే నాలుక మీద. ఆ డబ్బా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు పద్నాలుగు ఇళ్లలో ఆరు లాడ్జీలూ దుకాణాలూ అయ్యాయి. ఏడింటికి తాళాలు. మిగిలింది నేను. జాతర వారంలో పొద్దున నాలుగింటికి లేచి ఎనిమిది గుమ్మాల ముందు కసవు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేస్తాను. ఏడు తాళాలు తీస్తాను, ఏడు దీపాలు పెడతాను. అమ్మవారు వీధిలోకి వచ్చినప్పుడు ఊళ్లో ఇంటి తలుపు మూసి ఉండకూడదని అవ్వ నేర్పింది, ఇక చేతులు ఊరుకోవు. నిరుడు దొర వేషం సందులోకి వచ్చింది. మొదటి గుమ్మం దగ్గర హారతిచ్చాను. రెండో గుమ్మం దగ్గరా నేనే. మూడో దానికి పరుగెత్తుకుంటూ వెళ్లి నిలబడ్డాను. ఐదో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి డప్పు కొట్టే పెద్దాయన డప్పు ఆపి నన్ను చూసి, "ఏమ్మా, ఇన్ని ఇళ్లకూ నువ్వు ఒక్కదానివేనా?" అన్నాడు. హేళన లేదు ఆ గొంతులో. నాకు మాత్రం ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. అమ్మవారి ముందు ఏడుగురి తరఫున ఏడు అబద్ధాలు ఆడుతూ పట్టుబడినట్టు అనిపించింది.

నాకు అరవై రెండు నిండాయి. కుడి మోకాలు ముగ్గుకు వంగడం లేదు. పోయిన ఏడు చివరి రెండు ఇళ్లకు పీట మీద కూర్చుని చుక్కలు మాత్రం పెట్టి వదిలేశాను.

అందుకని చెబుతున్నాను. ఈ ఏడు మీ గుమ్మాల ముందు ముగ్గు నేను వేయను. తాళాలు తీయను, దీపాలు పెట్టను. చాటింపు మంగళవారం రాత్రి. ఆ సాయంత్రం ఆరు నుంచి నేను నా అరుగు మీద తాళంచెవుల గుత్తితో కూర్చుంటాను. ఎవరిది వాళ్లు తీసుకెళ్లండి. సెలవు దొరకదని అనకండి. పిల్లలకు అది ఎండాకాలం సెలవుల సమయమే. వారమంతా కుదరకపోతే శనివారం నుంచి బుధవారం దాకా ఉండండి. నీళ్ల గురించి బెంగ వద్దు, కొళాయి ఇప్పుడు పగలే వస్తుంది. చీపుర్లు ఏడు కొని ఉంచాను. మామిడిపండ్లకు చెప్పాను. దోమతెరలు మీరే తెచ్చుకోండి. మీరు వెళ్లేటప్పటికి మనది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. వచ్చేటప్పుడు దారిలో బోర్డులు చూసి కంగారు పడవద్దు, ఊరు అదే.

రాలేకపోతే, రాలేమని ఒక్క మాట రాయండి. చేతులు జోడించిన బొమ్మ పెట్టవద్దు. వచ్చి, తలుపు తీసి, ఆ రాత్రి మిద్దె మీద పడుకుని, తెల్లారాక అమ్మేద్దామనే అనుకుంటే అలాగే కానీయండి. కొనేవాళ్లను పిలవడానికి నేనే సాయం వస్తాను. కానీ మిద్దె మీద పడుకోకుండా అమ్మకండి. నీలం తలుపుల తమ్ముడూ, తలుపు చట్టం మాత్రం ఊడదీసి నాకిచ్చి వెళ్లు.

ఎనిమిదో తాళంచెవి సంగతి. ఇత్తడిది, బొటనవేలంత పొడవు, తలలో గుండ్రని రంధ్రానికి ఎర్రదారం కట్టి ఉంది. మీ ఏడు తాళాల్లో దేనికీ పట్టదు, మా ఇంట్లోనూ దేనికీ పట్టదు. మా అమ్మ చేతి ముడి కాదు, దారం రెండు పేటలు కలిపి పేనింది. మీలో ఎవరి ఇంట్లోనైనా తాళం తెరుచుకోని పెట్టె ఏదైనా ఉంటే, దాని తాళం ఇత్తడిదైతే, ఒక ఫోటో తీసి పంపండి.